విరిగిన మేఖలకు గుడ్డ పట్టీ

కాలు విరిగితే చూడగానే తెలుస్తుంది. చెయ్యి విరిగితే ఆ మనిషే పట్టుకుని చూపిస్తాడు. తల పగిలితే రక్తం కారుతుంది. కాని మన ఒంట్లో ఒక ఎముకల కూర్పు ఉంది. అది విరిగినప్పుడు పైకి ఒక్క చుక్క రక్తం కూడా కనిపించకపోవచ్చు. దెబ్బ తిన్న మనిషి మాట్లాడుతూనే ఉండవచ్చు. "నడుము నొప్పి, కాలు కదపలేను" అని మాత్రమే అనవచ్చు. చుట్టూ చేరినవాళ్ళు "పెద్ద దెబ్బలేమీ లేవు, అదృష్టవంతుడు" అనుకుంటారు. కొంతసేపటికి అతని ముఖం పాలిపోతుంది, ఒళ్ళు చల్లబడి చెమటలు పడతాయి, మాట తడబడుతుంది. రక్తం పోయింది! ఎక్కడికి? బయటికి కాదు, లోపలికే.

ఆ ఎముకల కూర్పు పేరు శ్రోణి మేఖల. డాక్టర్లు దాన్ని పెల్విస్ అంటారు. అది విరిగినప్పుడు ప్రమాదం జరిగిన చోటనే చేయగలిగిన చికిత్స ఒకటి ఉంది. దానికి కావలసినది ఖరీదైన యంత్రం కాదు. ఒక వెడల్పాటి పట్టీ. అది లేనప్పుడు మడత పెట్టిన దుప్పటి. అయితే ఆ పట్టీ కట్టవలసిన చోట కట్టాలి. చాలామంది కట్టేది అక్కడ కాదు. ఎందుకో తెలుసుకోవాలంటే ముందు మేఖల సంగతి తెలుసుకోవాలి.

మూడు ఎముకల వలయం

మీ రెండు చేతులూ నడుము మీద పెట్టుకోండి. వేళ్ళకు గట్టిగా తగిలే అంచు ఉంది కదా! అది తుంటి ఎముక పై అంచు. కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి. వెనకవైపు ఈ రెంటి మధ్య వెన్నెముక అడుగు భాగమైన త్రికాస్థి ఆప్పులా బిగిసి ఉంటుంది. ముందువైపు పొత్తికడుపు కింద రెండు తుంటి ఎముకలూ ఒక మృదులాస్థి ముక్క దగ్గర కలుసుకుంటాయి. ఇలా మూడు ఎముకలు, మూడు కీళ్ళు కలిసి ఒక వలయం ఏర్పడుతుంది. 'మేఖల' అంటే మొలనూలు, వడ్డాణం అని అర్థం. పేరు పెట్టినవాళ్ళు సరిగ్గానే పెట్టారు.

ఇంకో విశేషం. ఒక్కొక్క తుంటి ఎముకా పుట్టుకతో ఒకటి కాదు. ఇలియం, ఇస్కియం, ప్యూబిస్ అనే మూడు ముక్కలు. వీటి మధ్య మృదులాస్థి ఉంటుంది. పద్నాలుగు, పదహారేళ్ళ వయసుకు ఇవి అతుక్కుని ఒకటవుతాయి. అంటే ఈ వ్యాసం చదువుతున్న మీలో చాలామందికి ఆ పని ఇప్పుడు జరుగుతూనే ఉంది!

ఈ వలయం చేసే పనులు రెండు. పైనున్న ఒంటి బరువునంతా కాళ్ళకు దించుతుంది. లోపల ఉన్న మూత్రాశయాన్ని, పేగుల చివరి భాగాన్ని, పెద్ద రక్తనాళాలను కాపాడుతుంది.

మరి ఈ ఎముకలను పట్టి ఉంచేదేమిటి? ఎద్దుబండి చక్రం చూడండి. దాని అంచు ఒకే చెక్కతో చేసింది కాదు. పూటీలనే వంపు చెక్కలను పక్కపక్కన చేర్చి, ఎర్రగా కాల్చిన ఇనుప పట్టాను చుట్టూ ఎక్కిస్తారు. నీళ్ళు పోయగానే పట్టా కుదించుకుని చెక్కలన్నిటినీ బిగించి పట్టుకుంటుంది. మన మేఖలకు ఆ పట్టా పని చేసేవి సంధి బంధనాలు. త్రికాస్థిని తుంటి ఎముకలకు కట్టి ఉంచే వెనకవైపు బంధనాలు మన శరీరంలోని అతి బలమైన బంధనాలలో ఒకటి. మామూలుగా కాలుజారి పడితే అవి తెగవు. అవి తెగాయంటే దెబ్బ చాలా పెద్దదన్నమాట.

గాజు ఎలా పగులుతుంది?

ఒక గాజును నేలకేసి కొడితే ఒకే చోట విరగడం ఎప్పుడైనా చూశారా? కనీసం రెండు ముక్కలవుతుంది. వలయం బిగువుగా ఉన్నప్పుడు ఒక్క చోట మాత్రమే విరిగి విడిపోవడం కష్టం. మేఖల కూడా అంతే. ఎక్స్-రేలో ముందువైపు ఒక విరుగుడు కనిపిస్తే, డాక్టరు వెంటనే వెనకవైపు రెండోది ఎక్కడుందా అని వెతుకుతాడు.

దెబ్బ తగిలే దిక్కునుబట్టి మేఖల మూడు రకాలుగా విరుగుతుంది.

మొదటిది, ముందునుంచి తగిలే దెబ్బ. మోటారు సైకిలు దేనికో గుద్దుకుని టక్కున ఆగిపోయింది అనుకుందాం. న్యూటన్ మొదటి సూత్రం ప్రకారం మీదున్న మనిషి ఆగడు. ముందుకు జారి పెట్రోలు ట్యాంకుకు కొట్టుకుంటాడు. ట్యాంకు ఆప్పులా పనిచేసి రెండు తొడలనూ చెరో పక్కకూ విడదీస్తుంది. మేఖల ముందువైపు కీలు ఊడుతుంది. ఒక పుస్తకాన్ని నిలబెట్టి అట్టలు రెండూ తెరవండి. వెనకవైపు కుట్టు ఉన్న చోటే త్రికాస్థి అనుకోండి. మేఖల అలాగే తెరుచుకుంటుంది. డాక్టర్లు కూడా దీన్ని తెరిచిన పుస్తకం అనే అంటారు.

రెండోది, పక్కనుంచి తగిలే దెబ్బ. రోడ్డు దాటుతున్న మనిషిని కారు పక్కగా గుద్దితే వలయం లోపలికి నొక్కుకుపోతుంది. ఎక్కువగా జరిగేది ఇదే.

మూడోది, ఎత్తునుంచి పడటం. చింతకాయలు దులపడానికి చెట్టెక్కిన మనిషి జారి కాళ్ళమీద పడ్డాడనుకోండి. నేల తన్నిన తన్నుకు ఒకవైపు తుంటి ఎముక త్రికాస్థినుంచి ఊడి పైకి జరుగుతుంది. ఆ పక్క కాలు రెండోదానికన్నా పొట్టిగా కనిపిస్తుంది.

రక్తం ఎక్కడికి పోతుంది?

మన ఒంట్లో కిలో బరువుకు సుమారు 70 మిల్లీలీటర్ల రక్తం ఉంటుంది. 60 కిలోల మనిషికి లెక్క కట్టండి. 4.2 లీటర్లు. ఇందులో 15 శాతం దాకా, అంటే సుమారు 600 మిల్లీలీటర్లు పోయినా శరీరం ఎలాగో సర్దుకుంటుంది. 30 శాతం, అంటే లీటరుంబావు దాటితే రక్తపోటు పడిపోవడం మొదలవుతుంది. 40 శాతం దాటితే ప్రాణం మీదికి వచ్చినట్టే.

మేఖల విరిగినప్పుడు లోపల రెండు మూడు లీటర్ల రక్తం కూడా చేరగలదు. త్రికాస్థికి ముందు పల్చటి గోడలున్న సిరలు వలలా అల్లుకుని ఉంటాయి. బంధనాలు తెగినప్పుడు అవీ చిరుగుతాయి. పైగా మేఖల ఎముకలు లోపల స్పాంజిలా ఉంటాయి. విరిగిన ముఖాలనుంచి రక్తం ఊరుతుంది. ఎక్కువమందిలో రక్తం పోయేది ఈ రెండు దారుల్లోనే. పదిమందిలో ఒకరిద్దరికి ధమని కూడా తెగుతుంది. ధమని రక్తం చిమ్ముతుంది. సిర రక్తం, ఎముక రక్తం నెమ్మదిగా కారుతుంది. అయితే ఎక్కడా ఆగదు. కుళాయి చుక్కలు చుక్కలుగా కారినా తెల్లారేసరికి బకెట్టు నిండుతుంది కదా!

ఇక్కడ ఒక మోసం ఉంది. రక్తం పోతున్నప్పుడు ముందు మారేది రక్తపోటు కాదు, నాడి. గుండె వేగంగా కొట్టుకుని లోటు పూడ్చడానికి చూస్తుంది. అందుకే రక్తపోటు బాగానే ఉందని ధీమాగా ఉండకూడదు. నాడి నిమిషానికి వంద దాటి పరుగెడుతుంటే, చర్మం చల్లగా చెమటగా ఉంటే అదే హెచ్చరిక. రక్తపోటు పడిపోయిన స్థితిలో ఆస్పత్రి చేరిన మేఖల రోగులను అమెరికాలోని పెద్ద ఆస్పత్రులలో లెక్క చూస్తే, దాదాపు ముగ్గురిలో ఒకరు బతకలేదని 2016లో తేలింది. అన్ని వసతులూ ఉన్న చోటే ఇలా ఉంది!

పట్టీ చేసే పని

పైకి కారే రక్తాన్ని గుడ్డ అదిమి ఆపుతాం. మేఖల లోపల కారే రక్తాన్ని ఎలా అదమాలి? చెయ్యి అక్కడికి చేరదు. అందుకని చుట్టూ పట్టీ వేసి బిగిస్తారు. చక్రానికి ఇనుప పట్టా ఊడితే తాడుతో బిగించి కట్టినట్టు అన్నమాట. ఈ పట్టీనే పెల్విక్ బైండర్ అంటారు.

పట్టీ ఎందుకు పనిచేస్తుందో చెప్పడానికి డాక్టర్లు మొదట్లో ఒక లెక్క చెప్పేవారు. మీకూ ఆ లెక్క వచ్చు. గోళం ఘనపరిమాణం వ్యాసార్ధం ఘనాన్నిబట్టి పెరుగుతుంది. వ్యాసార్ధం 10 శాతం పెరిగితే 1.1 ఘనం, అంటే 1.331. ఘనపరిమాణం 33 శాతం పెరిగిపోతుంది! మేఖల తెరుచుకుంటే రక్తం చేరడానికి అంత చోటు దొరుకుతుంది, మూసేస్తే చోటు తగ్గి రక్తం ఆగుతుంది అనేవారు.

లెక్క తప్పు కాదు. కాని మేఖల గోళం కాదు కదా! తరువాత దాన్ని నిజంగా కొలిచి చూసినప్పుడు ఘనపరిమాణం లెక్కలో చెప్పినంతగా పెరగదని తెలిసింది. అయినా పట్టీ పనికిరాదని ఎవరూ అనలేదు. దాని అసలు పని వేరే అని అర్థమైంది.

ఆ పని ఏమిటంటే కదలకుండా ఉంచడం. తెగిన సిర మీద, విరిగిన ఎముక మీద శరీరం తనంతట తానే రక్తాన్ని గడ్డ కట్టించి మూత వేస్తుంది. ఆ మొదటి గడ్డే గట్టి గడ్డ. అందులో గడ్డ కట్టించే పదార్థాలు పుష్కలంగా ఉంటాయి. మనిషిని అటూ ఇటూ దొర్లిస్తే, ఎత్తి కుదిపేస్తే ఎముకల అంచులు ఒరుసుకుని ఆ గడ్డ ఊడిపోతుంది. మళ్ళీ గడ్డ కట్టాలంటే ఆ పదార్థాలు అప్పటికే ఖర్చయిపోయి ఉంటాయి. ఒళ్ళు కూడా చల్లబడి ఉంటుంది. చల్లబడిన రక్తం సరిగా గడ్డకట్టదు. పట్టీ విరిగిన ముఖాలను దగ్గరికి చేర్చి, కదలనివ్వకుండా పట్టుకుని ఆ మొదటి గడ్డను కాపాడుతుంది. నొప్పి కూడా తగ్గుతుంది.

ఎంత గట్టిగా బిగించాలి? 2002లో అమెరికాలో పరిశోధకులు శవాల మీద కొలిచి చూశారు. తెరుచుకున్న మేఖలను మూయడానికి సుమారు 180 న్యూటన్ల బలం సరిపోయింది. కిలో బరువంటే 9.8 న్యూటన్లు కదా! అంటే సుమారు 18 కిలోల బరువు. ఒక పెద్ద బకెట్టు నిండా నీళ్ళు ఎత్తేటప్పుడు మీ చెయ్యి లాగే లాగుడు అంతే. భీముడి బలం అక్కర్లేదు. ఇప్పుడు తయారవుతున్న ఒక రకం పట్టీలో బకిలు 150 న్యూటన్ల దగ్గర తనంతట తానే ఆగిపోతుంది. అంతకు మించి బిగించాలన్నా బిగియదు. పక్కనుంచి దెబ్బ తగిలి వలయం లోపలికి నొక్కుకుపోయినవాళ్ళకు మరీ గట్టిగా బిగిస్తే మేలుకన్నా కీడు జరగవచ్చు. రోడ్డు మీద ఎక్స్-రే ఉండదు కాబట్టి ఏ రకం విరుగుడో చెప్పలేం. అందుకే ఎముకలు మామూలు స్థితికి వచ్చి నిలిచేంత వరకే బిగించమంటారు.

నడుముకు కాదు, తుంటికి

ఇప్పుడు అసలు సంగతి. ఈ పట్టీ ఎక్కడ కట్టాలి? చాలామంది ఆలోచించకుండా నడుముకు అంటారు. బెల్టు పెట్టుకునేది, నడికట్టు కట్టుకునేది అక్కడే కాబట్టి చేతులు అక్కడికే పోతాయి. అదే పొరపాటు.

తెరిచిన పుస్తకాన్ని మళ్ళీ తీసుకోండి. అట్టలను కుట్టుకు దగ్గరగా పట్టుకుని మూయాలంటే కష్టం. అంచుల దగ్గర పట్టుకుంటే సులువుగా మూసుకుంటాయి. మీటల పాఠం గుర్తుంది కదా! ఆనికకు దూరంగా పట్టుకుంటే తక్కువ బలం చాలు. మేఖల ఆనిక వెనకవైపు త్రికాస్థి దగ్గర ఉంది. ఊడిన కీలు ముందు, కింద ఉంది. కాబట్టి పట్టీ ఆ కీలు మట్టంలో ఉండాలి. నడుము అంచుకు కట్టితే బలం పైన పడుతుంది, కింద తెరుచుకున్న చోటు సరిగా మూసుకోదు. పొట్ట మాత్రం నొక్కుకుపోతుంది.

సరైన చోటు ఎలా కనుక్కోవాలి? లేచి నిలబడి అరచేతిని తొడ పైభాగంలో పక్కగా, లాగు జేబు ఉండే చోట ఆనించండి. ఇప్పుడు ఆ కాలి పాదాన్ని లోపలికీ బయటికీ తిప్పండి. అరచేతి కింద ఒక గట్టి బుడిపె కదులుతూ తగులుతుంది. అది తొడ ఎముక పై కొసన ఉండే బుడిపె, దాన్ని ట్రోకాంటర్ అంటారు. రెండు పక్కలా ఉన్న ఈ బుడిపెల మీదుగా పట్టీ పోవాలి. నడుము అంచుకూ దీనికీ మధ్య దాదాపు జానెడు దూరం ఉంటుంది.

జానెడే కదా అనుకోకండి. యుద్ధరంగంలో గాయపడి పట్టీలు వేయించుకున్న బ్రిటన్ సైనికుల ఎక్స్-రేలను అక్కడి డాక్టర్లు పరిశీలించి 2011లో ఫలితాలు ప్రకటించారు. శిక్షణ పొందినవాళ్ళు కట్టినా సరైన చోట ఉన్నవి సుమారు సగమే. తప్పిన వాటిలో ఎక్కువ భాగం పైకి, నడుము వైపుకే తప్పాయి. సరైన చోట కట్టిన వాళ్ళలో విరిగిన ఎముకలు బాగా దగ్గరపడ్డాయి. పైకి కట్టిన వాళ్ళలో ఎడం మిగిలిపోయింది.

గాలి లాగునుంచి దుప్పటికి

ఇంత సులువైన ఉపాయం మొదటినుంచీ ఉందా? లేదు. అంతకు ముందు గాలి లాగు ఉండేది. 1903లో జార్జ్ క్రైల్ అనే అమెరికా డాక్టరు రబ్బరు దుస్తుల్లో గాలి నింపి, కాళ్ళనూ పొట్టనూ నొక్కి రక్తపోటు పెంచవచ్చని చూపించాడు. వియత్నాం యుద్ధకాలంలో సైన్యం ఆ పద్ధతిని చేపట్టింది. 1970 దశకంలో అమెరికా అంబులెన్సులలో గాలి లాగు మామూలు వస్తువైపోయింది. చూడటానికి గొప్పగా ఉండేది. రక్తపోటు అంకె పెరిగేది కూడా.

కాని రక్తపోటు పెరగడం వేరు, మనిషి బతకడం వేరు. హ్యూస్టన్ నగరంలో 911 మంది రోగుల మీద పోల్చి చూసి 1989లో ఫలితాలు ప్రకటించారు. గాలి లాగు తొడిగినవాళ్ళు ఎక్కువగా బతకలేదు. పైగా తొడగడానికి విలువైన సమయం పోయింది. క్రమంగా అంబులెన్సుల వాళ్ళు దాన్ని వదిలేశారు.

తరువాత 1999 ప్రాంతంలో స్విట్జర్లాండులో ఒక పట్టీ, 2002లో అమెరికాలో మామూలు ఆస్పత్రి దుప్పటి ఈ పనికి బాగా పనికొస్తాయని డాక్టర్లు రాశారు. ఇప్పుడు ప్రపంచమంతటా అత్యవసర వైద్యులు పాటించేది ఈ పద్ధతే. అయితే పట్టీ ఒక్కటే ఎంతమంది ప్రాణాలను కాపాడుతుందో పెద్ద ఎత్తున పరీక్షించి తేల్చిన ప్రయోగాలు ఇంకా రాలేదు. ఎముకలు దగ్గరపడటం మాత్రం కళ్ళకు కనిపించే సంగతి. సైన్సులో ఇలాగే జరుగుతుంది. గొప్పగా కనిపించినదాన్ని కూడా కొలిచి చూడాలి. చిన్నదిగా కనిపించినదాన్ని కూడా కొలిచి చూడాలి.

ఎలా కడతారు?

శిక్షణ పొందినవాళ్ళు ఈ పని ఇలా చేస్తారు. ముందు దెబ్బ తిన్న మనిషి జేబుల్లోని తాళాలు, ఫోను, చిల్లర తీసేస్తారు. లేకపోతే పట్టీ కింద అవి ఒరుసుకుని గాయం చేస్తాయి. దుప్పటిని పొడవుగా మడిచి, జానెడు వెడల్పు పట్టీలా చేస్తారు. మనిషిని దొర్లించరు. మోకాళ్ళ కింద సహజంగా ఖాళీ ఉంటుంది కదా! ఆ ఖాళీలోంచి దుప్పటిని దూర్చి, ఇద్దరూ చెరో కొసా పట్టుకుని, అటూ ఇటూ మెల్లగా లాగుతూ తొడల కిందినుంచి బుడిపెల మట్టం వరకు తీసుకువస్తారు. మోకాళ్ళు రెంటినీ దగ్గరికి చేర్చి, పాదాల వేళ్ళు పైకి చూసేలా ఉంచి, పాదాలను ఒకదానికొకటి కడతారు. కాళ్ళు బయటికి వాలితే మేఖల మళ్ళీ తెరుచుకుంటుంది మరి! ఆ తరువాత కొసలను ముందువైపు దాటించి ఇద్దరూ ఒకేసారి సమానంగా లాగి, మెలిపెట్టి, వదులు కాకుండా బిగిస్తారు.

కట్టిన పట్టీని ఆస్పత్రిలో డాక్టరు చెప్పేదాకా విప్పకూడదు. అలాగని రోజులతరబడి ఉంచకూడదు. చర్మం ఒత్తుకుని పుండ్లు పడతాయి. సాధారణంగా ఒక రోజులోగా దాన్ని తీసి వేరే ఏర్పాటు చేస్తారు. ఇంకో తమాషా ఏమిటంటే, పట్టీ బాగా కట్టినప్పుడు ఎముకలు ఎంత చక్కగా దగ్గరపడతాయంటే, ఎక్స్-రేలో అసలు విరుగుడే లేనట్టు కనిపించవచ్చు! అందుకని డాక్టర్లు పట్టీ విప్పి, జాగ్రత్తగా కనిపెడుతూ మరో ఎక్స్-రే తీస్తారు.

పట్టీ చికిత్స మొత్తం కాదు. రక్తం ఎక్కించాలి. ట్రానెగ్జామిక్ ఆమ్లం అనే మందు కట్టిన గడ్డ కరిగిపోకుండా కాపాడుతుంది. దెబ్బ తగిలిన మూడు గంటల్లోగా ఇస్తేనే దానివల్ల మేలు. ఇరవై వేలమందికి పైగా రోగుల మీద, మన దేశంతో సహా 40 దేశాల్లో చేసిన ప్రయోగంలో దీని మేలు రుజువైంది. మొదటి ఫలితాలు 2010లో వచ్చాయి. ధమని తెగితే సన్నని గొట్టం పంపి మూసేస్తారు. చివరికి ఎముకలను లోహపు పలకలతో, మరలతో బిగిస్తారు. ఇవన్నీ పెద్ద ఆస్పత్రిలో జరిగే పనులు. పట్టీ చేసేది ఒక్కటే. అక్కడికి చేరేదాకా సమయం సంపాదించి పెట్టడం.

42వ నంబరు రోడ్డు మీద

ఆ సమయం విలువ ఎంతో తెలియాలంటే పటం తీసి చూడండి. అనంతపురం వైపునుంచి కదిరి మీదుగా వచ్చే 42వ నంబరు జాతీయ రహదారి మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం దాటి తమిళనాడులోని కృష్ణగిరికి పోతుంది. మదనపల్లె నుంచి కుప్పానికి సుమారు వంద కిలోమీటర్లు. టమోటా కాలంలో మదనపల్లె మార్కెట్టు నుంచి పెట్టెలు నింపుకున్న లారీలు, పాల క్యాన్లు కట్టుకున్న మోటారు సైకిళ్ళు, కూలీలను ఎక్కించుకున్న ఆటోలు, బడిపిల్లల సైకిళ్ళు అన్నీ పక్కపక్కనే పోతుంటాయి. పలమనేరు దగ్గర బెంగుళూరు, చెన్నై మధ్య తిరిగే పెద్ద వాహనాల దారి దీన్ని దాటుతుంది. ఆ దారిలో చిత్తూరు వైపు మొగిలి ఘాట్ ఉంది. 2024 సెప్టెంబరులో అక్కడ ఆర్టీసీ బస్సు, లారీలు ఢీకొని చాలామంది చనిపోయిన సంగతి పత్రికల్లో చదివే ఉంటారు.

2022లో మన దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగి, 1,68,491 మంది చనిపోయారని కేంద్ర ప్రభుత్వం లెక్క చెప్పింది. వీళ్ళలో నూటికి సుమారు 44 మంది ద్విచక్ర వాహనాల మీద పోయేవాళ్ళే. పెట్రోలు ట్యాంకు సంగతి గుర్తుందా?

ఈ ప్రాంతంలో ఆస్పత్రులు లేవని కాదు. మదనపల్లెలో ప్రభుత్వ ఆస్పత్రి ఉంది. కుప్పంలో వైద్య కళాశాల ఆస్పత్రి ఉంది. కాని విరిగిన మేఖలను మరలతో బిగించడం, తెగిన ధమనిని గొట్టంతో మూయడం లాంటి పనులకు చాలాసార్లు ఇంకా పెద్ద ఊరికి పంపవలసి వస్తుంది. మదనపల్లె నుంచి తిరుపతికి సుమారు 120 కిలోమీటర్లు. కుప్పం నుంచి బెంగుళూరైనా వేలూరైనా వందకు అటూ ఇటూ. మంచి రోడ్డయినా రెండు గంటల మాట. గతుకులొస్తే ఎముకలు కదులుతాయి, వేగం తగ్గిస్తే సమయం పోతుంది. ఒక ఆస్పత్రి నుంచి ఇంకో ఆస్పత్రికి పోయే ఈ రెండు గంటల్లో మొదటి గడ్డ నిలుస్తుందా, ఊడుతుందా అన్నదే ప్రశ్న. నగరంలో, ఆస్పత్రి పక్క వీధిలో పడినవాడికన్నా పుంగనూరు దాటిన తరువాత పొలాల మధ్య పడినవాడికి పట్టీ అవసరం ఎక్కువ.

మీరు చేయగలిగినది

చుట్టూ చేరినవాళ్ళు ఆత్రంలో చేసే పనులే ఒక్కోసారి ప్రాణం తీస్తాయి. దెబ్బ తిన్న మనిషిని చంకలకింద చేతులు వేసి లేపి నిలబెడతారు. నాలుగడుగులు నడిపించి చూస్తారు. కాళ్ళు మడిచి ఆటోలో కుక్కుతారు. విరిగిందో లేదో చూద్దామని తుంటి నొక్కుతారు. ఇవన్నీ గడ్డను ఊడగొట్టే పనులే.

పెద్ద దెబ్బ తగిలి, తుంటి దగ్గరో పొత్తికడుపు కిందో నడుము వెనకో నొప్పి అంటే మేఖల విరిగిందనే అనుకోవాలి. వెంటనే 108కి ఫోను చెయ్యండి. మన రాష్ట్రంలో ఆ సేవ 2005 ఆగస్టు 15న మొదలైంది. ప్రమాదం జరిగిన చోటు గుర్తులు సరిగా చెప్పండి. రెండో ప్రమాదం జరగకుండా వచ్చే బండ్లను ఆపమని పెద్దవాళ్ళకు చెప్పండి. పడినవాణ్ణి లేపనివ్వకండి, కూర్చోబెట్టనివ్వకండి. మోకాళ్ళు రెండూ దగ్గరగా ఉండేలా చూడండి. బలవంతంగా మాత్రం లాగకూడదు. ఒళ్ళు చల్లబడకుండా దుప్పటి కప్పండి. ఆపరేషను అవసరం పడవచ్చు కాబట్టి తాగడానికి, తినడానికి ఏమీ ఇవ్వకండి. పట్టీ కట్టడం మాత్రం చదివి చేసే పని కాదు. ప్రథమ చికిత్స శిక్షణలో నేర్చుకుని చేసే పని. మీ బడిలో రెడ్ క్రాస్ వాళ్ళో, 108 సిబ్బందో పాఠం చెప్పడానికి వస్తే, దుప్పటితో ఎలా కట్టాలో చూపించమని అడగండి.

ప్రమాదంలో సాయం చేస్తే పోలీసులతో చిక్కులొస్తాయని వెనక్కి తగ్గేవాళ్ళు ఇంకా ఉన్నారు. అలా సాయపడినవాళ్ళను వేధించకూడదని సుప్రీంకోర్టు 2016లో మార్గదర్శకాలను ఖాయం చేసింది. మోటారు వాహనాల చట్టానికి 2019లో జరిగిన సవరణ ఆ రక్షణను చట్టంలోనే చేర్చింది. పేరు చెప్పమని కూడా వాళ్ళను బలవంతపెట్టకూడదు. ఈ సంగతి ఇంట్లో పెద్దవాళ్ళకు మీరే చెప్పవచ్చు.

ఇంకోసారి మీ చెయ్యి నడుము అంచు మీద పెట్టండి. అక్కడినుంచి జానెడు కిందికి జరపండి. పాదం తిప్పితే కదిలే ఆ బుడిపెను గుర్తుపెట్టుకోండి. పట్టీ కట్టవలసినది అక్కడే.